గుండె వైఫల్యానికి బీటా బ్లాకర్‌: ఏ మాత్ర, ఎవరికి, ఎంత?

దీర్ఘకాలిక గుండె వైఫల్యంతో బాధపడేవారి మందుల చీటీలో బీటా బ్లాకర్‌ తరగతికి చెందిన మాత్ర ఒకటి దాదాపు తప్పనిసరిగా కనిపిస్తుంది. ఈ తరగతిలో పదికి పైగా మందులున్నాయి. రక్తపోటుకు, గుండెదడకు, ఛాతీనొప్పికి, పార్శ్వపు నొప్పికి కూడా వీటిని వాడుతుంటారు. అయితే గుండె వైఫల్యంలో మరణాలను తగ్గిస్తాయని పెద్ద పరిశోధనల్లో రుజువైనవి మాత్రం మూడే. అవి బైసోప్రొలాల్‌, కార్వెడిలాల్‌, నెమ్మదిగా విడుదలయ్యే మెటోప్రొలాల్‌ సక్సినేట్‌. వయసు పైబడినవారి విషయంలో నెబివొలాల్‌కు కొంతమేర ఆధారముంది. మిగిలినవి ఎంత పేరున్న మందులైనా ఈ జబ్బులో వీటికి ప్రత్యామ్నాయం కావు.

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో చిక్కు ఇక్కడే వస్తోంది. పెద్దాసుపత్రిలో రాసిన మాత్ర స్థానికంగా దొరకనప్పుడు 'అదీ ఇదీ ఒకటే' అన్న మాటపై మరో మాత్ర చేతికి వస్తుంది. మొదటి వారంలో నీరసం వచ్చిందని కొందరు, కాస్త కోలుకున్నామని మరికొందరు మందు మానేస్తుంటారు. ఈ రెండూ ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లే. ఏ మాత్రను ఎందుకు ఎంపిక చేస్తారో, ఎలా పెంచుతారో తెలిసి ఉంటే ఇలాంటివి చాలావరకు తప్పుతాయి.

గుండె వైఫల్యమంటే గుండె ఆగడం కాదు

గుండె వైఫల్యం అనగానే గుండె ఆగిపోవడమని, గుండెపోటని చాలామంది పొరబడుతుంటారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కానీ శరీరానికి కావలసినంత రక్తాన్ని పంపలేకపోతుంది. దీంతో ఊపిరితిత్తుల్లో, కాళ్లలో, పొట్టలో నీరు చేరుతుంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక రెండు మూడు దిండ్లు పెట్టుకోవాల్సి రావడం, అర్ధరాత్రి ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చోవడం, పాదాల వాపు, విపరీతమైన అలసట దీని ప్రధాన లక్షణాలు. గతంలో వచ్చిన గుండెపోటు, ఏళ్ల తరబడి అదుపులో లేని రక్తపోటు, మధుమేహం, గుండె కండరం జబ్బులు, కవాటాల జబ్బులు, మితిమీరిన మద్యం దీనికి దారితీసే కారణాల్లో ముఖ్యమైనవి.

జబ్బు తీవ్రతను అంచనా వేయడానికి ఎకో పరీక్షలో 'ఎజెక్షన్‌ ఫ్రాక్షన్‌' అనే అంకెను చూస్తారు. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటకు వెళ్తున్నదో ఇది చెబుతుంది. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు 55 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. 40 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవారిలోనే బీటా బ్లాకర్లు ఆయుష్షును పెంచుతాయని గట్టిగా రుజువైంది. ఎజెక్షన్‌ ఫ్రాక్షన్‌ బాగానే ఉండి, గుండె గోడలు బిగుసుకుపోవడం వల్ల వచ్చే వైఫల్యంలో ఇవి అదే స్థాయిలో మేలు చేస్తాయనడానికి ఆధారాలు లేవు. అలాంటివారికి వీటిని రాస్తే అది సాధారణంగా రక్తపోటు, గుండెదడ, ఛాతీనొప్పి వంటి ఇతర కారణాల కోసమే. అందువల్ల ఎకో నివేదికను భద్రపరచుకుని, వైద్యుని వద్దకు వెళ్లిన ప్రతిసారీ వెంట తీసుకెళ్లడం అవసరం.

వద్దన్న మందే ఊపిరి పోసింది

బ్రిటన్‌కు చెందిన శాస్త్రవేత్త సర్‌ జేమ్స్‌ బ్లాక్‌ 1960లలో ప్రొప్రనొలాల్‌ను రూపొందించడంతో బీటా బ్లాకర్ల వాడకం విస్తరించింది. ఈ కృషికి ఆయన 1988లో నోబెల్‌ బహుమతిని పంచుకున్నారు. అయితే గుండె వైఫల్యం ఉన్నవారికి ఈ మందులు ఇవ్వకూడదన్నది ఆనాటి వైద్య పాఠం. అసలే బలహీనపడిన గుండెను ఇంకా నెమ్మదింపజేస్తే రోగి ప్రాణానికే ముప్పన్నది దాని వెనక ఉన్న తర్కం.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌ వైద్యులు ఈ తర్కాన్ని ప్రశ్నించారు. ఫిన్‌ వాగ్‌స్టైన్‌, ఆయన సహచరులు గుండె కండరం జబ్బుతో బాధపడుతున్న ఏడుగురికి బీటా బ్లాకర్లు ఇచ్చి, వారి పరిస్థితి మెరుగుపడినట్లు 1975లో ప్రకటించారు. చాలాకాలం వైద్యలోకం దీనిని అనుమానంగానే చూసింది. పెద్ద పరిశోధనలు జరిగి పాత పాఠం మారడానికి మరో ఇరవయ్యేళ్లు పట్టింది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే బరువు బండి లాగి డస్సిపోయిన ఎద్దును తలచుకుంటే చాలు. ముల్లుకర్రతో పొడిస్తే అది నాలుగడుగులు వేగంగా వేస్తుంది కానీ ఆ తర్వాత కూలబడుతుంది. గుండె బలహీనపడినప్పుడు శరీరం అడ్రినలిన్‌ వంటి రసాయనాలను అధికంగా విడుదల చేసి దానిని అదేపనిగా అదిలిస్తుంది. మొదట్లో ఇది ఆదుకున్నా నెలలు గడిచేకొద్దీ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, గుండె సాగిపోయి ఆకారం మారుతుంది, లయ తప్పి హఠాత్తుగా మరణించే ప్రమాదం పెరుగుతుంది. బీటా బ్లాకర్‌ ఆ ముల్లుకర్రను అడ్డుకుంటుంది. గుండెకు విశ్రాంతి దొరికి, మూడు నుంచి ఆరు నెలల్లో చాలామందిలో ఎజెక్షన్‌ ఫ్రాక్షన్‌ మెరుగవుతుంది.

రుజువైనవి ఏవి?

అమెరికాలో 1,094 మందిపై జరిపిన కార్వెడిలాల్‌ పరిశోధన ఫలితాలు 1996లో వెలువడ్డాయి. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 7.8 శాతం మంది మరణించగా, కార్వెడిలాల్‌ తీసుకున్నవారిలో అది 3.2 శాతమే. మరుసటి ఏడాదే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గుండె వైఫల్యానికి ఈ మందును అనుమతించింది. జబ్బు బాగా ముదిరి, ఎజెక్షన్‌ ఫ్రాక్షన్‌ 25 శాతంలోపు ఉన్న 2,289 మందిపై జరిపిన 'కోపర్నికస్‌' పరిశోధన 2001లో వెలువడింది. అందులోనూ కార్వెడిలాల్‌ మరణాల ముప్పును 35 శాతం తగ్గించింది.

బైసోప్రొలాల్‌పై 2,647 మందితో జరిపిన 'సిబిస్‌-2' పరిశోధనను మేలు స్పష్టంగా కనిపించడంతో గడువుకు ముందే ఆపేశారు. 1999లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 17.3 శాతం, బైసోప్రొలాల్‌ వాడినవారిలో 11.8 శాతం మంది మరణించారు. అదే ఏడాది 3,991 మందిపై జరిపిన 'మెరిట్‌-హెచ్‌ఎఫ్‌' పరిశోధన నెమ్మదిగా విడుదలయ్యే మెటోప్రొలాల్‌ సక్సినేట్‌ మరణాలను 34 శాతం తగ్గించినట్లు తేల్చింది.

డెబ్బై ఏళ్లు, ఆపై వయసున్న 2,128 మందిపై నెబివొలాల్‌తో జరిపిన 'సీనియర్స్‌' పరిశోధన 2005లో వచ్చింది. మరణాలు, గుండె సంబంధ కారణాలతో ఆసుపత్రిలో చేరడం రెండూ కలిపి చూస్తే మందు వాడినవారిలో 31.1 శాతం, వాడనివారిలో 35.3 శాతంగా తేలింది. మరణాలను మాత్రమే విడిగా లెక్కిస్తే తేడా గణాంకపరంగా నిలబడలేదు. అందుకే ఐరోపా వైద్యులు వృద్ధుల్లో దీనిని అంగీకరించినా, అమెరికాలో ఈ మందుకు రక్తపోటు చికిత్సకే అనుమతి ఉంది.

బీటా బ్లాకర్లన్నీ ఒకే తీరుగా పనిచేస్తాయనుకోవడం సరికాదని మరో రెండు మందులు నిరూపించాయి. బ్యూసిండొలాల్‌ను 2,708 మందిపై పరీక్షించిన 'బెస్ట్‌' పరిశోధన 2001లో వెలువడింది. అందులో మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. బీటా గ్రాహకాలను కొంత అడ్డుకుంటూనే కొంత ప్రేరేపించే జామొటెరాల్‌ అంతకుముందు, 1990లో, తీవ్ర వైఫల్యం ఉన్నవారిలో మరణాలను పెంచినట్లు తేలింది. మన ప్రాంతంలో రక్తపోటుకు విరివిగా వాడే అటెనొలాల్‌కు, పాత మందైన ప్రొప్రనొలాల్‌కు కూడా గుండె వైఫల్యంలో పై మూడింటికి ఉన్నంత ఆధారం లేదు. అందువల్ల రక్తపోటుకు అటెనొలాల్‌ వాడుతున్న వ్యక్తికి గుండె వైఫల్యం ఉన్నట్లు తేలితే, వైద్యులు సాధారణంగా రుజువైన మాత్రకు మారుస్తారు.

ఒకే పేరు, రెండు మాత్రలు

మందుల దుకాణంలో ఎక్కువగా తారుమారయ్యేది మెటోప్రొలాల్‌. ఇది టార్ట్రేట్‌, సక్సినేట్‌ అనే రెండు లవణాల రూపంలో దొరుకుతుంది. సాధారణ టార్ట్రేట్‌ మాత్ర త్వరగా కరిగి, కొన్ని గంటలకే ప్రభావం తగ్గుతుంది. కనుక రోజుకు రెండు మూడు సార్లు వేసుకోవాలి. నెమ్మదిగా విడుదలయ్యే సక్సినేట్‌ మాత్ర రోజుకొకటి వేసుకుంటే ఇరవై నాలుగు గంటలూ సమంగా పనిచేస్తుంది. మెరిట్‌ పరిశోధనలో ప్రాణాలు కాపాడింది ఈ రెండో రకమే.

టార్ట్రేట్‌ మాత్రను కార్వెడిలాల్‌తో పోల్చిన 'కామెట్‌' పరిశోధన 2003లో వెలువడింది. అందులో 3,029 మంది పాల్గొన్నారు. కార్వెడిలాల్‌ వాడినవారిలో 34 శాతం, టార్ట్రేట్‌ వాడినవారిలో 40 శాతం మంది మరణించారు. టార్ట్రేట్‌ మోతాదు చాలలేదన్న విమర్శ వచ్చినా, ఈ జబ్బులో దానికి బదులు రుజువైన రకాన్నే వాడాలన్న అభిప్రాయం బలపడింది.

మాత్రల పట్టీ మీది రాతను చదవడంలోనూ ఒక మెలిక ఉంది. మన దేశంలో సక్సినేట్‌ మాత్రల పట్టీపై 'మెటోప్రొలాల్‌ సక్సినేట్‌ 23.75 మిల్లీగ్రాములు, మెటోప్రొలాల్‌ టార్ట్రేట్‌ 25 మిల్లీగ్రాములకు సమానం' అన్న అర్థంలో రాసి ఉంటుంది. యాభై మాత్ర అయితే 47.5 అని ఉంటుంది. టార్ట్రేట్‌ అన్న మాట చూసి కంగారు పడనక్కర్లేదు. ముందు సక్సినేట్‌ అని ఉండి, నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర అని సూచించే ఎక్స్‌ఎల్‌, ఎక్స్‌ఆర్‌, ఈఆర్‌ వంటి అక్షరాలుంటే అది సరైన రకమే. సక్సినేట్‌ అన్న మాటే లేకుండా టార్ట్రేట్‌ అని మాత్రమే ఉంటే తీసుకునే ముందు వైద్యుణ్ని అడగాలి.

ఈ మాత్రను నమలడం, పొడి చేయడం తగదు. అలా చేస్తే రోజంతా రావలసిన మందు ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. మధ్యలో గీత ఉన్న మాత్రను వైద్యుడు చెబితే సగానికి విరుచుకోవచ్చు.

కంపెనీ మారితే తప్పు లేదు. జనరిక్‌ మందులు, జనౌషధి కేంద్రాల్లో తక్కువ ధరకు దొరికే మందులు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. మందు పేరు, లవణం, విడుదలయ్యే తీరు, మిల్లీగ్రాములు ఈ నాలుగూ చీటీతో సరిపోవాలన్నదే నియమం.

ఎవరికి ఏది?

రుజువైన మూడింటిలో ఒకటి మరొకదానికన్నా స్పష్టంగా మేలైనదని తేల్చే ఆధారం లేదు. రోగికి ఉన్న ఇతర జబ్బులు, రక్తపోటు, మాత్రలు వేసుకునే వీలు చూసి వైద్యులు ఎంపిక చేస్తారు.

రక్తపోటు తక్కువగా ఉన్నవారికి: కార్వెడిలాల్‌ గుండె మీదే కాక రక్తనాళాల మీద కూడా పనిచేసి వాటిని వదులు చేస్తుంది. దాంతో రక్తపోటు ఎక్కువగా తగ్గుతుంది. పైబీపీ వందకు అటూ ఇటూ ఉండి, లేచి నిలబడితే కళ్లు తిరిగేవారికి బైసోప్రొలాల్‌, మెటోప్రొలాల్‌ సక్సినేట్‌ అనుకూలం. రక్తపోటు ఇంకా ఎక్కువగానే ఉన్నవారికి కార్వెడిలాల్‌ రెండు విధాలా ఉపయోగపడుతుంది.

పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి: చుట్ట, బీడీ అలవాటున్నవారిలోనూ, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన మహిళల్లోనూ సీవోపీడీ జబ్బు కనిపిస్తుంటుంది. దీనిని కారణంగా చూపి బీటా బ్లాకర్‌ను పూర్తిగా మానేయనక్కర్లేదు. ప్రధానంగా గుండెపైనే పనిచేసే బైసోప్రొలాల్‌, మెటోప్రొలాల్‌ సక్సినేట్‌, నెబివొలాల్‌లను వీరిలో వాడవచ్చు. కార్వెడిలాల్‌ శ్వాసనాళాలపైనా ప్రభావం చూపుతుంది కనుక వీరికి తొలి ఎంపిక కాదు. ఉబ్బసం సంగతి వేరు. తరచూ ఉబ్బసం వచ్చేవారికి ఈ మందులు సాధారణంగా ఇవ్వరు. ఇవ్వక తప్పని పక్షంలో నిపుణుల పర్యవేక్షణలోనే మొదలుపెడతారు.

మధుమేహం ఉన్నవారికి: మధుమేహం ఉందని ఈ మందులు మానవలసిన పని లేదు. అయితే ఇన్సులిన్‌, కొన్ని రకాల చక్కెర మాత్రలు వాడేవారిలో చక్కెర పడిపోయినప్పుడు రావలసిన గుండెదడ, వణుకు ఈ మందుల వల్ల కప్పబడిపోవచ్చు. చెమట పట్టడం మాత్రం కనిపిస్తుంది. కారణం లేకుండా చెమటలు పోస్తే వెంటనే చక్కెర పరీక్ష చేసుకోవాలి.

మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిన్నవారికి: కార్వెడిలాల్‌, మెటోప్రొలాల్‌ ప్రధానంగా కాలేయంలో విచ్ఛిన్నమవుతాయి. బైసోప్రొలాల్‌లో సుమారు సగం మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. కాలేయ జబ్బు తీవ్రంగా ఉంటే కార్వెడిలాల్‌ ఇవ్వకూడదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో బైసోప్రొలాల్‌ మోతాదును జాగ్రత్తగా చూసుకోవాలి.

కర్ణికల లయ తప్పినవారికి: ఏట్రియల్‌ ఫిబ్రిలేషన్‌ ఉన్నవారిలో నాడి వేగాన్ని అదుపు చేయడానికి బీటా బ్లాకర్లు ఉపయోగపడతాయి. కానీ లయ సక్రమంగా ఉన్నవారిలో మాదిరిగా వీరిలో మరణాలు తగ్గలేదని పది పరిశోధనలను కలిపి విశ్లేషించి 2014లో ప్రచురించిన నివేదిక తేల్చింది.

గర్భిణులకు, బాలింతలకు: కాన్పు సమయంలోనో, ఆ తర్వాత కొన్ని నెలల్లోనో గుండె కండరం బలహీనపడి ఆయాసం రావడం కొందరిలో జరుగుతుంది. బాలింత నీరసమని దీనిని కొట్టిపారేయకూడదు. గర్భిణులకు బీటా బ్లాకర్‌ అవసరమైతే సాధారణంగా మెటోప్రొలాల్‌ను ఎంచుకుంటారు. గర్భస్థ శిశువు ఎదుగుదల తగ్గే అవకాశమున్నందున అటెనొలాల్‌ను వాడరు.

మాత్ర గుర్తుండనివారికి: ఒంటరిగా ఉండే వృద్ధులకు, తెల్లవారకముందే పనికి వెళ్లే కూలీలకు రోజుకొక మాత్ర సులువు. బైసోప్రొలాల్‌, మెటోప్రొలాల్‌ సక్సినేట్‌ రోజుకొకసారి వేసుకునేవి. సాధారణ కార్వెడిలాల్‌ను రెండు పూటలా అన్నం తిన్నాక వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే కళ్లు తిరిగే అవకాశం ఎక్కువ.

చిన్న మోతాదుతో మొదలు

ఈ మందుల వాడకంలో అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం కొద్దిగా మొదలుపెట్టి నెమ్మదిగా పెంచడం. ఒంట్లో చేరిన నీరు తగ్గి, రోగి పరిస్థితి నిలకడగా ఉన్నప్పుడే మొదలుపెడతారు. సాధారణంగా పాటించే మోతాదులు ఇవి.

బైసోప్రొలాల్‌: రోజుకొకసారి 1.25 మిల్లీగ్రాములతో మొదలు. లక్ష్యం 10 మిల్లీగ్రాములు.

కార్వెడిలాల్‌: రోజుకు రెండుసార్లు 3.125 మిల్లీగ్రాముల చొప్పున మొదలు. లక్ష్యం రెండుసార్లు 25 మిల్లీగ్రాముల చొప్పున. 85 కిలోలకు మించి బరువున్నవారికి 50 దాకా.

మెటోప్రొలాల్‌ సక్సినేట్‌: రోజుకొకసారి 12.5 లేదా 25 మిల్లీగ్రాములతో మొదలు. లక్ష్యం 200 మిల్లీగ్రాములు.

నెబివొలాల్‌: రోజుకొకసారి 1.25 మిల్లీగ్రాములతో మొదలు. లక్ష్యం 10 మిల్లీగ్రాములు.

రోగి తట్టుకుంటే సాధారణంగా రెండు వారాలకు తక్కువ కాకుండా వ్యవధి ఇచ్చి మోతాదును రెట్టింపు చేస్తారు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన కొత్తలో వారం వారం పరీక్షిస్తూ రెండు వారాల్లోనే పూర్తి మోతాదుకు చేర్చే పద్ధతిని 'స్ట్రాంగ్‌-హెచ్‌ఎఫ్‌' పరిశోధన పరీక్షించింది. 2022లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం ఆరు నెలల్లో మరణం లేదా గుండె వైఫల్యంతో తిరిగి ఆసుపత్రిలో చేరడం ఈ పద్ధతిలో 15.2 శాతం కాగా, మామూలు పద్ధతిలో 23.3 శాతం. అయితే తరచూ పరీక్షలు చేయగలిగినప్పుడే ఇది సురక్షితం. ఇంట్లో ఎవరికివారు మోతాదు పెంచుకోవడానికి ఇది అనుమతి కాదు.

లక్ష్య మోతాదును అందరూ తట్టుకోలేరు. తట్టుకోగలిగినంత మోతాదులో కొనసాగినా, అసలు వాడకపోవడం కన్నా ఎంతో మేలు. మరోవైపు, మొదటి మోతాదు దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోవడమూ సరికాదు. ఆరు నెలలుగా అదే చిన్న మాత్ర నడుస్తుంటే, పెంచవచ్చేమోనని వైద్యుణ్ని అడగడం రోగి హక్కు.

మొదటి వారాల్లో ఓపిక

మందు మొదలుపెట్టిన కొత్తలో, మోతాదు పెంచిన ప్రతిసారీ కొందరికి నీరసంగా, ఒళ్లు బరువుగా అనిపించవచ్చు. ఆయాసం, కాళ్ల వాపు కాస్త పెరగవచ్చు. మందు పడలేదని చాలామంది మానేసేది ఈ దశలోనే. నీరసం సాధారణంగా కొద్ది వారాల్లో తగ్గుతుంది. వాపు, ఆయాసం పెరిగితే వైద్యులు ముందుగా నీరు తీసే మాత్రను పెంచి చూస్తారు, అవసరమైతేనే బీటా బ్లాకర్‌ను తగ్గిస్తారు. మేలు నెలల మీదగానీ కనిపించదని రోగికీ, ఇంట్లోవారికీ ముందే తెలిసి ఉండాలి.

రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు బరువు చూసుకుని కాగితంపై రాసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. బరువు చూసే యంత్రం ఇంట్లో లేకపోతే చెప్పులు బిగుతవడం, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడటం గమనించాలి. ఆవకాయ, అప్పడాలు, ఉప్పుచేప, ఊరమిరపకాయలు వంటి ఉప్పు ఎక్కువున్న పదార్థాలు మందుల మేలును హరిస్తాయి.

నాడి నిమిషానికి 50 కన్నా తగ్గినా, కళ్లు తిరిగి పడిపోయినా, పిల్లికూతలు వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవాలి. ఏ లక్షణమూ లేకుండా నాడి 55, 60 మధ్య ఉండటం మందు పనిచేస్తోందనడానికి గుర్తే తప్ప భయపడవలసింది కాదు.

ఎవరికి వాడరాదు?

పేస్‌మేకర్‌ లేకుండా గుండెలో విద్యుత్‌ ప్రసారం తీవ్రంగా దెబ్బతిన్నవారికి, నాడి మరీ నెమ్మదిగా ఉన్నవారికి, రక్తపోటు పడిపోయి షాక్‌ స్థితిలో ఉన్నవారికి ఈ మందులు ఇవ్వరు. ఊపిరితిత్తుల్లో నీరు నిండి ఉక్కిరిబిక్కిరవుతున్న దశలో కొత్తగా మొదలుపెట్టరు. అయితే ముందునుంచే వాడుతున్నవారు అలాంటి స్థితిలో ఆసుపత్రిలో చేరితే, షాక్‌ వంటి ముప్పు లేనంతవరకు వీలైనంత మేర కొనసాగించడమే మేలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నిటినీ సంచిలో వేసుకుని తీసుకెళ్లాలి.

కలవకూడని మందులు

వెరపమిల్‌, డిల్టియాజెమ్‌ అనే మందులు బలహీనపడిన గుండెను ఇంకా కుంగదీస్తాయి. బీటా బ్లాకర్‌తో కలిస్తే నాడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. పెరాక్సిటిన్‌, ఫ్లూఆక్సిటిన్‌ వంటి కుంగుబాటు మందులు మెటోప్రొలాల్‌, కార్వెడిలాల్‌ విచ్ఛిన్నం కాకుండా అడ్డుకుని వాటి ప్రభావాన్ని పెంచుతాయి. కంటి నీటికాసులకు వాడే టిమొలాల్‌ చుక్కలు కూడా బీటా బ్లాకరేనని చాలామందికి తెలియదు. కంటి వైద్యునికి గుండె మందుల సంగతి, గుండె వైద్యునికి కంటి చుక్కల సంగతి చెప్పాలి.

పల్లెల్లో ఎక్కువగా హాని చేస్తున్నవి మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ వంటి మాత్రలు. ఇవి ఒంట్లో ఉప్పును, నీటిని నిలవచేసి, మూత్రపిండాలపై భారం మోపుతాయి. నెలల పాటు కుదుటపడిన రోగి నాలుగు రోజుల నొప్పి మాత్రలతో మళ్లీ ఆసుపత్రి పాలు కావచ్చు.

అర్ధాంతరంగా మానితే

బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపేస్తే ఇన్నాళ్లూ అణగి ఉన్న అడ్రినలిన్‌ ప్రభావం ఒక్కసారిగా విజృంభిస్తుంది. గుండెదడ, ఛాతీనొప్పి, గుండెపోటు, లయ తప్పడం వంటి ప్రమాదాలు ఎదురవుతాయి. మాత్రలు అయిపోవడానికి వారం ముందే కొత్తవి తెచ్చుకోవాలి. పెళ్లిళ్లకు, యాత్రలకు, వలస పనులకు వెళ్లేవారు సరిపడా వెంట పెట్టుకోవాలి. ఒక పూట మరచిపోతే మరుసటి పూట రెండు మాత్రలు కలిపి వేసుకోకూడదు. ఆపక తప్పని పరిస్థితి వస్తే వైద్యులే క్రమంగా తగ్గిస్తారు.

ఎకోలో గుండె బలం మామూలుకొచ్చిందని తేలినా మందులు ఆపకూడదు. గుండె కండరం జబ్బు నుంచి పూర్తిగా కోలుకున్నట్లు కనిపించిన 51 మందిపై బ్రిటన్‌లో జరిపిన 'ట్రెడ్‌-హెచ్‌ఎఫ్‌' పరిశోధన 2019లో ప్రచురితమైంది. మందులు క్రమపద్ధతిలో తగ్గించి ఆపినవారిలో 44 శాతం మందికి ఆరు నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది. కొనసాగించినవారిలో ఆ కాలంలో ఒక్కరికీ తిరగబెట్టలేదు. నయమైనట్లు కనిపించడం మందుల బలమే తప్ప జబ్బు వదిలిపోవడం కాదని దీనివల్ల తేటతెల్లమైంది.

నాలుగింటిలో ఒకటి

బీటా బ్లాకర్‌ ఒక్కటే చికిత్స కాదు. 2021లో ఐరోపా, 2022లో అమెరికా వైద్య సంఘాలు విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ఎజెక్షన్‌ ఫ్రాక్షన్‌ తగ్గినవారికి నాలుగు రకాల మందులు కలిపి ఇవ్వాలి. బీటా బ్లాకర్‌తో పాటు ఎనలాప్రిల్‌ తరహా మందు లేదా సాక్యుబిట్రిల్‌-వల్సార్టన్‌, స్పైరనొలాక్టోన్‌ లేదా ఎప్లెరినోన్‌, డపాగ్లిఫ్లొజిన్‌ లేదా ఎంపాగ్లిఫ్లొజిన్‌ ఇందులో ఉంటాయి. చివరి రకం మధుమేహం మందులుగా పేరు పొందినా, మధుమేహం లేనివారికీ గుండె వైఫల్యంలో మేలు చేస్తాయి. నీరు తీసే మాత్రలు ఆయాసాన్ని, వాపును తగ్గించడానికి వాడేవి.

మన దేశంలో ఈ చికిత్స అందరికీ అందడం లేదని తిరువనంతపురం జిల్లాలో 2013లో 1,205 మంది రోగుల వివరాలతో చేపట్టిన నమోదు కార్యక్రమం వెల్లడించింది. రోగుల సగటు వయసు 61 ఏళ్లే. అంటే ఇంటి బరువు ఇంకా మోస్తున్నవారే ఎక్కువ. గుండె సంకోచ శక్తి తగ్గినవారిలో బీటా బ్లాకర్‌తో సహా ఆనాటి మార్గదర్శకాలు చెప్పిన మూడు రకాల మందులూ ఇంటికి వెళ్లేనాటికి అందినది నలుగురిలో ఒకరికే. అక్షరాస్యతలో, ఆసుపత్రుల్లో ముందున్న కేరళలోనే పరిస్థితి ఇలా ఉందంటే, పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు వదులుకోవలసిన పల్లెల్లో ఎంత శ్రద్ధ అవసరమో ఊహించవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

ఎకో నివేదికలో ఎజెక్షన్‌ ఫ్రాక్షన్‌ ఎంతో వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.

దుకాణంలో మాత్ర మారితే మందు పేరు, లవణం, విడుదలయ్యే తీరు, మిల్లీగ్రాములు చీటీతో సరిచూసుకోవాలి. చదవడం రానివారు పాత పట్టీని వెంట తీసుకెళ్లి చూపాలి. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, బడికి వెళ్లే మనవడో మనవరాలో ఎవరైనా ఇందుకు సాయపడవచ్చు.

మాత్ర దొరకకపోతే మరో బీటా బ్లాకర్‌ను సొంతంగా వాడకుండా రాసిన వైద్యునికి ఫోన్‌ చేయాలి.

రోజూ బరువు, వీలైతే నాడి, బీపీ రాసుకోవాలి.

నొప్పి మాత్రలు, ఇతర జబ్బుల మందులు వైద్యునికి చెప్పకుండా వేసుకోకూడదు.

బాగుందని గానీ, నీరసమని గానీ మానకూడదు.

పడుకుంటే ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి వంటివి కనిపిస్తే 108కి ఫోన్‌ చేసి వెంటనే ఆసుపత్రికి చేరుకోవాలి.

ఇందులోని మోతాదులు అవగాహన కోసం ఇచ్చినవి. ఎవరికి ఏది, ఎంత అన్నది రోగిని పరీక్షించిన వైద్యుడే నిర్ణయించాలి.